ముక్కు లేని మెషీను

అరకు దగ్గర ఒక కాఫీ యూనిట్. ఆఫీసు గదిలో మేనేజరు లక్ష్మీప్రసాద్, పద్నాలుగేళ్లుగా అక్కడ గింజలు ఏరుతున్న సోని. పక్క షెడ్డులో కొత్త మెషీను ఆగి ఉంది.

"పని మానేత్తన్నట్టు ఈ కాయితం మీద సంతకం ఎట్టను బాబూ."

"పెట్టకపోతే ఎలా? మీ ఇరవై రెండు మందికీ ఇవాళే ఆఖరు అని పొద్దున్నే చెప్పాను కదా. మిమ్మల్ని ఊళ్లో దింపే వ్యాను కూడా వచ్చేసింది."

"ఉండనీండి. డ్రైవరు అప్పారావు టీ తాగుతాడు. ఆ మెషీను మీద ట్రైనింగ్ మాకెందుకివ్వరో ముందది సెప్పండి."

"ఎన్నిసార్లు చెప్పాలి? టెన్త్ పాసవ్వాలి. స్క్రీన్ అంతా ఇంగ్లీషు."

"నా ఫోనూ ఇంగ్లీషే. హాస్టల్లో సదూకునే మా గుంట వీడియో కాల్ సేత్తే ఎత్తట్లేదా?"

"ఫోను వేరు, మెషీను వేరు."

"వేరే. ఫోను ఆగిపోలేదు. అది పొద్దుటేల నుంచి ఆగిపోయింది. ఏటయింది?"

"ఏం కాలేదు. సర్వీసింగ్."

"వచ్చి మూడ్రోజులు కాలేదు, సర్వీసింగా?"

"సోనీ, అవన్నీ నీకెందుకు?"

"మెషీను ఏరిన గింజలతో కాఫీ కాసిత్తే, రుచి సూసే ఆయన నోట్లో పోసుకుని కిటికీలోంచి ఉమ్మేసాడంట."

"ఎవరు చెప్పారు?"

"కిటికీ కింద తుడిసింది మా రాజకుమారి."

"...సరే. పులిసిన గింజలు కలిసిపోయాయి. అసలు నిన్ను పిలిచిందే అందుకు. సంతకాలు పెట్టేసి, ఓ నాలుగు రోజులుండి ఆ సరుకు మళ్లీ ఏరి పెట్టండి. ఐదుగురు చాలు."

"సంతకాలు ఎట్టేసి!"

"పైవాళ్లకి కాగితం కావాలి కదా."

"ఆ గింజ మెషీనుకి ఎందుకు తెలీలేదు బాబూ?"

"రంగు తేడా ఉంటే కెమెరా చూసి, గాలి ఊది విసిరేస్తుంది. ఇదేమో చూడ్డానికి మంచి గింజలాగే ఉంటుందట, ముందే సరిగ్గా వేరుచేసి చూపిస్తేగానీ కెమెరా ఆ సన్నటి తేడా పట్టలేదట."

"ఉంటాది. పిడికిట్లో పట్టి, ఏడిగా ఊపిరూది, ముక్కు కాడ ఎట్టుకుంటేగానీ బయటపడదు. పోయిన నెల, మెషీను రాకముందే, ఫొటోలు తీసి దానికి నేర్పాలని మా సేతే మంచివి ఒక ట్రేలో, సెడ్డవి ఒక ట్రేలో పోయించారు. గురుతుందా?"

"ఉంది."

"మేం ఊపిరూదుతుంటే మీరేటన్నారు?"

"ఇంజనీరు పక్కనే ఉన్నాడు. టైము లేదు..."

"ఏటన్నారు?"

"'ఉఫ్‌ ఉఫ్‌లు ఆపండి, కంటితో చూసి బేగి కానివ్వండి' అన్నాను."

"వద్దు బాబూ, పాడు గింజ మంచి ట్రేలోకి పోతాదని మూడుసార్లు సెప్పినాను."

"చెప్పావు. చెప్పావులే. తప్పు నాదే. పైవాళ్లకి ఇంకా చెప్పలేదు."

"ఇప్పుడు సెప్పండి. వాసన సూసి ట్రేల్లో మళ్లీ మేమే పోత్తాం. నాలుగు రోజుల కూలికి కాదు. మా వోళ్లందరికీ స్క్రీను నేర్పండి, వంతులేసుకుని నడుపుతాం. కాదంటే మమ్మల్ని వ్యానెక్కించి, మీ మెషీనుకి ముక్కు అతికించుకోండి."

"పైవాళ్లు ఒప్పుకోకపోతే?"

"ఆ కాఫీ ఆళ్లనే తాగమనండి."

"నవ్వించకు... ఇందాకటి నుంచీ నిలబడే ఉన్నావు, ఆ కుర్చీ లాక్కో. నీళ్లు తాగు. వ్యాను ఖాళీగా పంపించేస్తాను."

"ఇరవై రెండు పేర్లూ రాత్తారా?"

"రాస్తాను. టెన్త్ సంగతి పైవాళ్లతో నేను తేల్చుకుంటాను. ఇదిగో, ట్రైనింగ్ ఫారం. మొదట నీదే. తండ్రి పేరు చెప్పు."

"అందులో నా పేరు రాయకండి."

"అదేంటి! ఇంతసేపూ దీనికోసమేగా కొట్లాడావు?"

"ఇరవై ఒక్కళ్లవీ అందులో రాయండి. నాది నేర్పేవోళ్ల కాయితంలో రాయండి. ఆ ఇంజనీరు పేరుకి పైన."