గొర్రెల సూది, రాధమ్మ కుక్క

సభకు అధ్యక్షత వహిస్తున్న గిరిధర్ గారికి, పనులు మానుకొని బత్తలపల్లి నుంచీ రొళ్ల నుంచీ పెనుకొండ దాకా వచ్చిన గొర్రెల కాపరులకు, పదవీ విరమణ చేస్తున్న మన పశువుల డాక్టరు ప్రియదర్శిని మేడమ్‌కు నమస్కారాలు. పెంపకందారుల సంఘం తరఫున రెండు ముక్కలు చెప్పి కూర్చుంటాను. గిరిధర్ గారూ, అప్పుడే గడియారం చూడకండి. (నవ్వులు)

మన మందల్లో ఒక అలవాటుంది. గొర్రెలకు గజ్జికీ పిడుదులకూ సూదులు వేసిన రోజు, సీసా అడుగున మిగిలింది పారేయడానికి చేతులు రాక, మంద కుక్కకూ ఒక పోటు పొడుస్తాం. పోయిన ఏడాది మా యల్లప్ప, అదిగో, స్తంభం చాటుకు జరుగుతున్నాడే, ఆయనే, ఆ మందును ప్రేమకొద్దీ వాళ్లక్క రాధమ్మ కుక్కకు కూడా వేశాడు. అది బెంగళూరు నుంచి తెచ్చిన పొడుగు మూతి కుక్క. తోటలో ఒంటరిగా ఉండే రాధమ్మకు అదొక్కటే తోడు. సాయంత్రానికల్లా అది తూలింది, చొంగ కార్చింది, కళ్లు కనబడక గోడకు కొట్టుకొని పడిపోయింది.

"మంద కుక్కకేమీ కాలేదే మేడమ్, దీనికే యాలిట్లాయ?" అని ఆస్పత్రిలో యల్లప్ప ఒకటే ఏడుపు.

"ఈ జాతి కుక్కల్లో కొన్నిటికి ఆ మందు మెదడుకెక్కుతుందప్పా. మంద కుక్క బతికింది నీ అదృష్టం. గొర్రెల మందు మమ్మల్ని అడక్కుండా ఏ కుక్కకూ వేయకూడదు. దీనికి విరుగుడు లేదు. ఒంట్లోంచి మందు దిగేదాకా ఊపిరి నిలబెట్టాలి, అంతే" అన్నారు మేడమ్.

"ఇది లేస్తేనే నీతో మాట్లాడేది, పో ఆడికి!" అని రాధమ్మ తమ్ముడి నుంచి మొహం తిప్పుకుంది.

ఇక మేడమ్ సెలైను పెట్టి, కళ్లు ఎండిపోకుండా మందు రాస్తూ, పుండ్లు పడకుండా దాన్ని పక్కలు మారుస్తూ, ఆ మార్చే పని యల్లప్ప చేతే చేయిస్తూ, రోజుల తరబడి కాచుకున్నారు. చూసినవాళ్లంతా వదిలేయమన్నారు. "గుండె కొట్టుకుంటాంటే వదిలేసేదానికి మనమెవరు?" అన్నారావిడ.

ఒక పొద్దున రాధమ్మ పిలిస్తే దాని చెవి కదిలింది. అబ్బా! ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తోంది, చూడండి. (విరామం) యాడికో పోయిన ప్రాణం తోవ వెతుక్కొని తిరిగిరావడం కళ్లారా చూశాను. మేడమ్ కూడా చేతులు జోడించి నిలబడిపోయారు.

మేడమ్, మీ చేతి చలవకు మా సంఘం దండాలు. ఓపిగ్గా విన్న మీ అందరికీ ధన్యవాదాలు. ఒక్క మాట చెప్పి దిగుతాను. ఆ చెవి కదలగానే రాధమ్మ కుక్కను నిమరలేదు. మూలన కూలబడిన తమ్ముడి వైపు తిరిగి, "ఏమప్పా, అన్నం తింటివా?" అనింది.

సెలవు.