సంజీవరావు తరిమిన బావురుపిల్లి

నూర్‌బీ టీకొట్టు బల్ల మీద సంజీవరావు కూర్చున్నాడంటే ఇక వేరే వాళ్ల నోళ్లకు సెలవు. ఆ పొద్దున అటవీ శాఖ పంపగా షారన్ మేడం కూడా వచ్చి కూర్చుంది. కాలవ పక్క జమ్ములో చేపలు పట్టి బతికే బావురుపిల్లి ఉందో లేదో రాసుకుపోవడం ఆమె పని. ఉంటే జమ్ము జమ్ముగానే ఉంటుంది. లేకుంటే సంజీవరావు కొత్త రొయ్యల గుంటలవుతుంది. ఆ జమ్ము కోసి చాపలల్లి బతికే అబిగయీలు అందుకే పని మానుకుని వచ్చి నిలబడింది.

"ఉందా అని మెల్లగా అడగతారేంది మేడం? నా గట్టు మీదికే వచ్చింది!" అన్నాడు సంజీవరావు. తన గుంటలకే ఎసరని ఆ నోటికి తట్టలేదు. "కుక్కంత ఉంది. కళ్లల్లోకి చూసినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెరిగింది!"

"పెరగడమేందన్నా?" అన్నాడు పెంచలయ్య.

"కోపానికబ్బా! మనకి కోపమొస్తే మీసం లేస్తది, దానికి ఒళ్లే లేచింది. దూడంతయింది, దున్నంతయింది, గుంటలో మూతి పెట్టి ఒక్క పీల్పు పీల్చిందా, నాలుగు టన్నుల రొయ్యలూ నీళ్లు చిలికే రెండు ఏరేటర్లూ లోపలికి పోయినయ్, అవి కడుపులో గిరగిరా తిరగతా ఉంటే ఆ చప్పుడు నాకు వినపడతానే ఉంది. పంచె ఎగగట్టి తోక పట్టినా. ఈడ్చుకుంటా పోయి సముద్రంలో దూకింది."

"తోక వదిలేస్తే పోయేదిగా?" అంది నూర్‌బీ.

"వదిలితే నేను మగోణ్ణెట్టా అయితా? ఆడినించి ఎగిరిందమ్మా ఒక ఎగురు! శ్రీహరికోటలో లేచిన రాకెట్టు మా కాళ్ల కిందగా పోయింది. అంతెత్తున దాని చెవిలో ఒకే ఒక్క కేక వేసినా. దడుసుకుని, జమ్ములో కళ్లు తెరవని పిల్లల్ని గూడా వదిలేసి పారిపోయింది. ఎంతైనా ఆడది! తల్లి బుద్ధి ఉంటే బిడ్డల్ని వదిలి పోతదా?"

అందరూ నవ్వారు. షారన్ మేడం నవ్వలేదు. "పిల్లలతో ఉందా? అయితే జమ్ము జోలికి ఎవరూ పోకూడదు," అంటూ గబగబా రాసింది. సంజీవరావు నవ్వు సగంలో ఆగింది.

నోరు మూసుకుంటే చాలు, అబిగయీలుకు జమ్ము మిగిలేది. ఆమెకది తెలుసు. పళ్లు బిగబట్టింది కూడా. కానీ బిడ్డల్ని వదిలిపోయిన తల్లి అన్న మాట మింగుడు పడలేదు.

"అది యాడికీ పారిపోలా అన్నా. గుంటల కోసం నువ్వు తోలించిన గ్రావెల్ రోడ్డు మీద, నీ మేత లారీ కింద పడి చచ్చింది. నేనూ, నాతో జమ్ము కోసే వెంకటశేషమ్మా పూడ్చినాం. ఏడాది బిడ్డంత బరువు గూడా లేదు. నోట్లో చేప అట్టే ఉంది. కొరకలా. పిల్లలకి తీసుకపోతా ఉండింది."



"మరి పిల్లలు?" అంది షారన్ మేడం.

"రెండు రోజులు అరిచినయ్. వెతికినాం, దొరకలా. మూడో రోజు అరుపు లేదు."

"ఇంకేమైనా... ఒక్కటైనా?" మేడం గొంతు బతిమాలుతున్నట్టుంది.

అబద్ధమాడడానికి అదే ఆఖరి సందు.

"జమ్ములో దిగే ముందు కొడవలి పిడితో నీళ్ల మీద మూడు దెబ్బలు కొడతాం మేడం, పిల్లి తప్పుకునేదానికి. మా అమ్మా కొట్టేది. ఇప్పుడు కొట్టకుండా ఊరికే దిగతన్నాం."

షారన్ మేడం కలం కాగితం మీద ఆగిపోయింది. సంజీవరావు మాత్రం తేరుకుని కాలు మీద కాలేసుకున్నాడు.

"రాసుకోండి మేడం. మా అబిగయీలు అబద్ధమాడదు."