లక్ష్మీదేవమ్మ గొంతు

చింతామణి పక్కన ఒక పల్లె. మిట్టమధ్యాహ్నం. గ్రిల్లు తలుపుకు లోపల లక్ష్మీదేవమ్మ, బయట సంచి పట్టుకుని ముప్పై ఏళ్ళ మనిషి.

"ఆడనే నిలబడప్పా. గ్రిల్లు ముట్టుకోవద్దు. ఏం కావల్ల నీకి?"

"మీతో ఒక మాట అమ్మా."

"మా వాడు లోపల పడుకోనుండాడు. లేపితే వానికి కోపమొస్తాది."

"మీ కొడుకు పురుషోత్తమన్న బెంగళూరులో గదమ్మా ఉండేది?"

"ఎవురు చెప్పినారు నీకి?"

"మా పుస్తకంలో ఉండాది."

"పుస్తకమా? ఏం పుస్తకం?"

"నేను హెళవోళ్ళ మునియప్ప కొడుకునమ్మా. రవీంద్ర. మీ వంశం పేర్లు రాసి పెట్టుకోనుండేది మేమే గదా. నాలుగైదేండ్లకు ఒక తూరి వచ్చి, ముత్తాత కాలం నుంచి చదివి వినిపించి, కొత్తగా పుట్టిన బిడ్డల పేర్లు రాసుకోని పోతాము."

"ఏ మునియప్పో ఏమో. నాకి గుర్తు లేదు."

"గుర్తు లేదా? మీ మామ చిక్కనరసప్ప. ఆయనకు ముగ్గురు కొడుకులు. నడిపాయన మీ ఇంటాయన. ఆయన పోయినప్పుడు నాడకచేరి ఆఫీసులో వంశవృక్షం కావల్లంటే, మా నాయన ఈ అరుగు మీదనే కూర్చోని పేర్లు చెప్పలేదా? ఆపొద్దు మీరు చేటెడు రాగులు పోసినారు. ఆయమ్మ చేయి పెద్దదిరా అని ఇంటికొచ్చి ఎన్ని తూర్లు చెప్పినాడో."

"సరే, సరేలేప్పా. ఇప్పుడేంటికి వచ్చినావు? మీ నాయన రాలేదా?"

"నాయన పోయి పదహైదు దినాలాయమ్మా."

"అయ్యో."

"బాగేపల్లి దోవలో కొట్టినారు. మీకు తెలియదా?"

"విన్యా. ఎవురో బిడ్డల్ని ఎత్తకపోయేవాణ్ణి... అంటే, అట్లని విన్యా."

"ఎత్తకపోయేవాడు కాదమ్మా. మా నాయన."

"నేనట్ల అన్లేదప్పా. వాట్సాప్ గ్రూపులో అట్ల వచ్చింది."

"కొట్టినోళ్ళ ఫోన్‌లో ఒక వాయిస్ ఉండె. వినిపించేదా?"

"వద్దు."

"ఒక్క తూరి వినండమ్మా. 'అందరికీ చెప్తాండా, బిడ్డల్ని బయటికి వదలొద్దండి. మా వీధిలోకి ఒకడు బైకులో వచ్చినాడు. హెల్మెట్ తీయలేదు. ఇంట్లో ఎంతమంది బిడ్డలు, పేర్లేంది, ఎప్పుడు పుట్టినారని అడుగుతాండాడు. సంచిలో ఏందో పెట్టుకోనుండాడు...'"

"ఆపు! అది నా గొంతు కాదు."

"మీదని నేనన్లేదు గదమ్మా."

"కొట్టండని నేను చెప్పలేదప్పా. నువ్వే విన్యావు గదా, యాడన్నా కొట్టండని ఉండాదా దాంట్లో? జాగ్రత్తగా ఉండండని, అంతే. ముందు దినమే గ్రూపులో వీడియో పెట్టినారు, బిడ్డల్ని పట్టకపోయి కిడ్నీలు తీసేది. నాకి అన్నం దిగలేదు. మర్నాడే ఈయన వచ్చె. మా కాలంలో హెళవప్ప అంటే ఎద్దు మీద వస్తాండె. గంట మోగితే వీధి మొదట్లోనే తెలిసిపోతాండె. ఇప్పుడు బైకులో వచ్చి, హెల్మెట్‌తోనే బిడ్డల పేర్లు అడిగితే నేనేమనుకోవల్ల? తన పేరు చెప్పినాడేమో కూడా. నాకి వినపడలేదు. ధడాల్న తలుపేసుకున్యా."

"ఎద్దును అమ్మి మూడేండ్లాయమ్మా. హెల్మెట్ నేనే కొనిచ్చినా. తీయొద్దు నాయనా, పోలీసోళ్ళు ఫైన్ వేస్తారని నేనే చెప్పినా."

"ఆ వాయిస్ నేను డిలీట్ చేసినానప్పా. ఆ సాయంత్రమే చేసినా."

"మీ ఫోన్‌లో పోయింది. ఊర్లల్లో తిరుగుతానే ఉండాది. నిన్న గౌరిబిదనూరు బస్సులో విన్యా. 'మా వీధి' అని మీరంటే, విన్నోళ్ళంతా వాళ్ళ వీధే అనుకుంటాండారు."

"నాకి తెలీదా? పూలంగడిలో వినపడతాది. పాలు పోసే కాడ వినపడతాది. మొన్న మా కూతురు రంజిత జంగమకోటె నుంచి ఫోన్ చేసి, 'అమ్మా, మా పక్కకు దొంగలొచ్చినారు, ఇది విను' అని నా గొంతే నాకి పంపించె. ఎవురో దాంట్లో బిడ్డ ఏడుపు కలిపిండారు. కన్నకూతురికి నా గొంతు తెలియలేదప్పా! నాకే చచ్చినామె ఎవురో మాట్లాడినట్ల ఉండె."

"మా నాయనకు తెలిసె."

"ఏంది?"

"అది మీ గొంతని. కొట్టేవాళ్ళు ఆ వాయిస్ ఆయన చెవి కాడ పెట్టినారంట, 'ఇది నిన్నే గదరా చెప్పేది' అని. మా నాయన మొగం విప్పారిందంటమ్మా. 'ఇది మా లక్ష్మీదేవమ్మ గొంతు! ఆయమ్మకు ఫోన్ చేయండి, నేనెవురో చెప్తాది' అన్నాడంట. మీ నంబరు పుస్తకంలో ఉండె. గుంపులో ఒకాయనకు మనసొచ్చి చేసె. ఆసుపత్రిలో నాయన నాతో చెప్పింది ఇదొకటే. ఆయమ్మకు ఫోన్ పోయింది, ఎత్తలేదు, పనిలో ఉండాదేమో పాపం అని. ఆపొద్దు యాడుండారమ్మా మీరు?"

"ఈడనే. ఫోన్ చేతిలోనే ఉండె."

"మోగలేదా?"

"మోగె. పదకొండు తూర్లు మోగె. కొత్త నంబరు. కొత్త నంబరు ఎత్తితే బ్యాంకులో దుడ్డంతా లాగేస్తారని గ్రూపులో పెట్టిండ్రి. మోగినన్ని తూర్లూ దాన్నే చూస్తా కూర్చున్యా. పన్నెండో తూరి మోగలేదు."

"ఏడవొద్దండమ్మా."

"పాపిష్టిదాన్నప్పా నేను. స్టేషనుకు పోదాం పద. నేనే అని చెప్తా."

"స్టేషనోళ్ళు ఆరుమందిని పట్టకపోయినారు. వాళ్ళను లోపలేస్తే ఈ వాయిస్ నిలుస్తాదా? నాకి కావల్సింది మీ గొంతే అమ్మా."

"అంటే?"

"మీరే ఇంకొకటి పెట్టల్ల. ముందుది తప్పు, ఆయన మా హెళవప్ప, దొంగ కాదని. మా చిన్నాయనలు ఆపొద్దు నుంచి భయంతో ఇండ్లు విడిచి బయటికి రాలేదు. పుస్తకంలో నన్నూరు ఇండ్లు ఉండాయి. ఏ ఇంటి ముందర నిలబడి బిడ్డ పేరేందని అడిగేది మేము?"

"పెడితే ఊర్లో నా మొగం... పురుషోత్తమ ఏమంటాడో. వాని పెండ్లాము ఏమంటాదో..."

"మీ ఇష్టమమ్మా. బలవంతం చేసేకి రాలేదు. పోయొస్తా."

"ఉండు, ఉండు. ఫోన్‌లో ఏందో వచ్చె. అయ్యో రామా!"

"ఏందమ్మా?"

"నీ ఫోటో. ఎదురింటి మునికృష్ణప్ప మిద్దె మీద నుంచి తీసిండాడు. 'లక్ష్మీదేవమ్మ ఇంటి ముందర కొత్తోడు, చేతిలో సంచి' అని పెట్టిండాడు. కింద ఎవురో నా పాత వాయిస్ కూడా తెచ్చి పెట్టిరి."

"నేను పోతానమ్మా. బైకు వీధి చివర ఉండాది."

"ఇప్పుడు వీధిలోకి పోతావా, పిచ్చేమన్నా పట్టిందా నీకి! ఇదో, గ్రిల్లు తీసినా. లోపలికి రా నాయనా. నా వెనకాల నిలబడు. మొగం యాడ పెట్టుకోవల్నో ఆమీట చూసుకుంటా. దీన్ని నొక్కి పట్టుకోనే మాట్లాడల్ల గదా? 'అప్పా, నేను లక్ష్మీదేవమ్మ. మా ఇంటి కాడుండేది కొత్తోడు కాదు. హెళవోళ్ళ మునియప్ప కొడుకు రవీంద్ర. ముందు నేను పెట్టిన వాయిస్ తప్పు. ఆ తప్పుకు మునియప్ప చచ్చిపోయె. నా వల్లనే చచ్చిపోయె. ఇంకెవురినీ ముట్టుకోవద్దండి, మీ కాళ్ళకు మొక్కుతా.' పోయిందా?"

"పోయిందమ్మా. అందరూ ఏందేందో రాస్తాండారు."

"రాయనీ. కూర్చో, నీళ్ళు తాగు. ఈ ఊర్లో నా మాట కాదనేవాడు లేడు."

"అమ్మా, గేటు కాడ జనం."

"రానీలే, నేనుండా. రాప్పా మునికృష్ణప్పా, బాగా వచ్చినావు. వాయిస్ విన్యావా?"

"విన్యామమ్మా. రెండూ విన్యాం. నువ్వు ఇట్ల బయటికి రా."

"రెండోదే నిజమప్పా. ఈ పిల్లోడు మన హెళవప్ప కొడుకు."

"ఈ కాలంలో గొంతులు ఫోన్లోనే తయారు చేస్తారంటమ్మా. ఆ రెండోది వాడు చేసిందే."

"నేనే గదప్పా నీ ముందర నిలబడి నా నోటితో చెప్తాండేది! వాడు చేసేదేంది?"

"నువ్వు ఇట్లే అంటావని గ్రూపులో ముందే వచ్చిండాదమ్మా. పక్కకు జరుగు."