తెల్లబోయిన ఫొటో

నందిగామలో ఇశ్రాయేలు ఫొటో స్టూడియో, 1962 వేసవి, మిట్టమధ్యాహ్నం. తనకు పని నేర్పిన వీరరాఘవయ్య జగ్గయ్యపేట నుంచి మోసుకొచ్చిన కెమెరాను ఇశ్రాయేలు బల్లమీద పెట్టుకుని చూస్తున్నాడు.

“షట్టరు బాగానే ఉంది మాస్టారూ.”

“బాగుంటే ఫొటోలు ఇట్లా ఎందుకొస్తాయిరా? మళ్ళీ చూడు.”

“చూశానండీ. చెవి దగ్గర పెట్టుకుని విన్నా. నొక్కినప్పుడల్లా ఠక్కున మూసుకుంటోంది.”

“ఇక్కడ మూసుకుంటుంది. అక్కడ, పనిలో, మూసుకోదు. స్ప్రింగు సాగిపోయి ఉంటుంది.”

“సాగితే చప్పుడులో తెలుస్తుంది కదండీ. మీరే నేర్పారు.”

“నేర్పాను, నేర్పాను. లెన్సు వెనకాల తోలుతిత్తి చూశావా? చిల్లుపడి వెలుగు దూరుతోందేమో.”

“చీకట్లో లోపల టార్చి వేసి చూశా. చిల్లు లేదు.”

“అయితే డెవలపరే. ఈ ఎండలకి మందు వేడెక్కిపోయి ఫిల్ము మాడిపోతోంది. ఐసు వేసినా ఆగట్లేదు.”

“ఏదీ, ఆ నెగెటివు ఇలా ఇవ్వండి... మందు వేడెక్కితే అంచులు కూడా నల్లబడాలి మాస్టారూ. ఇవి అద్దంలా ఉన్నాయి. బొమ్మ పడినచోటే బొగ్గయింది.”

“అయితే?”

“అయితే ఏముంది, వెలుగే ఎక్కువ పడింది. నెగెటివు ఇంత నలుపైతే ఫొటో తెల్లబోక ఏమవుతుంది?”

“అదేగా నేనూ అంటున్నది! ఇదొక్కటే కాదు. వేదాద్రి పెళ్ళి రీలు రీలంతా ఇంతే. వాళ్ళు ఫొటోలు నా మొహాన కొట్టి పోయారు.”

“మరి ఇదెవరిది? గుడ్డేదో మొహమేదో తెలీటంలేదు.”

“చిల్లకల్లులో పుష్పవతి అనీ... ఆమె కూతురు.”

“మళ్ళీ తీయకపోయారా?”

“తీయటానికి పిల్లేదిరా?”

“అంటే...”

“జ్వరమొచ్చి పోయింది. బతికుండగా ఒక్క ఫొటో తీయించలేదంట. తీసుకెళ్ళిపోయే ముందు నాకు కబురుపెట్టారు. మెడదాకా తెల్లగుడ్డ కప్పి, తల్లి ఒళ్ళో పడుకోబెట్టారు. తీశా. అదే ఇది.”

“ప్రభువా!”

“సరే, ముందు కెమెరా సంగతి చెప్పు.”

“చెబుతా. ఆ రోజు లెన్సు ఎంత తెరిచారు?”

“తెరవాల్సినంత.”

“అంటే?”

“పూర్తిగా తెరిచా. మబ్బుగా ఉంది కదా మరి.”

“ఇంట్లోనా, వాకిట్లోనా?”

“వాకిట్లో. ఏంట్రా, పోలీసోడిలా అడుగుతున్నావు? నువ్వు పుట్టకముందు నుంచీ కంటితో వెలుగు చూసి తీస్తున్నా. నీలాగా దాన్ని కొలిచే మీటరు మెళ్ళో వేసుకుని తిరగలేదు.”

“కాదండీ... ఏ రోజది?”

“మొన్న ఆదివారం.”

“ఆదివారమా? చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి మాకు అరికాళ్ళు కాలిపోయాయి. మబ్బెక్కడిది?”

“నందిగామలో లేదేమో. చిల్లకల్లులో ఉంది.”

“మాస్టారూ, ఒక్కసారి ఇలా గుమ్మంలోకి రండి. ఆ రోడ్డు చూడండి. ఇప్పుడు ఫొటో తీయాలంటే ఎంత తెరుస్తారు?”

“నాకు పరీక్ష పెడుతున్నావా?”

“ఊరికే. చెప్పండి.”

“పూర్తిగానే. పొద్దుట్నుంచీ వానొచ్చేట్టుందిగా... ఇశ్రాయేలూ? ఉన్నావా?”

“ఆఁ... ఉన్నా మాస్టారూ. లోపలికి రండి. జాగ్రత్త, గడప. కూర్చోండి. మీరన్నదే నిజమండీ. స్ప్రింగే.”

“ఇందాక కాదన్నావు!”

“సరిగ్గా వినలేదు. సాగింది. వదిలేసి వెళ్ళండి, మారుస్తా. మీ తప్పేం లేదు.”

“లేదా?”

“లేదండీ. ఆ నెగెటివు కూడా ఉంచండి. మందులో వేసి ఆ నలుపు పలచన చేసి చూస్తా. కనుముక్కు తీరు కాస్తయినా తేలుతుందేమో.”

“తేలుతుందా?”

“మాటివ్వలేను. చూస్తా.”

“ఊఁ. స్ప్రింగేనని ప్రభువు మీద ఒట్టేసి చెప్పు.”

“అదెందుకులెండి మాస్టారూ, చిన్నదానికి...”

“చెప్పరా.”

“నా వల్ల కాదండీ.”

“అయితే బయట... ఎండగా ఉందా?”

“మండిపోతోంది మాస్టారూ.”

“ఓహో.”

“అట్లా అయిపోకండి. బెజవాడలో కంటాసుపత్రికి తీసుకెళతా. పొరయితే తీసేస్తారు, ఏం కాదు. వింటున్నారా? ఆ తల్లికి మాత్రం షట్టరే పోయిందని చెబుదాం. మీరేం మాట్లాడొద్దు. నేనొచ్చి చెబుతా.”

“ఏం చెబుతావురా ఆమెకి? ఫొటో ఏమన్నా తేలుతుందేమోనని నాతోపాటే వచ్చి, ఎదురు హోటల్లో కూర్చుంది. బస్సు దిగేటప్పుడు మెట్టు కనపడక నేను పడబోతే, చెయ్యి పట్టుకుని నీ గుమ్మందాకా నడిపించుకొచ్చింది ఆమేరా.”