మూల కంప్యూటర్ దగ్గరి అమ్మాయి

తేదీ 14-7-2005, గురువారం. పెనుకొండ పోలీస్ స్టేషన్.

నా పేరు ఎస్తేరు. భర్త పేరు జాన్. వయసు నలభై ఒకటి. కాపురం పెనుకొండలో. ఊళ్లో గ్రంథాలయంలోని ఇంటర్నెట్ గది నా బాధ్యత. ఫర్హానా ఉన్న చోటు నీకెలా తెలిసిందని ఎస్.ఐ. గారు అడిగారు కాబట్టి చెబుతున్నాను. మధ్యలో నవ్వకుండా రాసుకుంటేనే చెబుతానన్నాను. సరేనన్నారు.

మా గదిలో మూడు కంప్యూటర్లు. అరగంటకు మించి కూర్చోకూడదు, చాటింగ్ చేయకూడదు, అసభ్యమైనవీ భయంకరమైనవీ చూడకూడదు అని గోడకు బోర్డు ఉంది. చెడ్డ పేజీలను ఆపే సాఫ్ట్‌వేర్ పంపిస్తామన్నారు. రెండేళ్లయింది, అతీగతీ లేదు. అందుకని మూసేసిన సెలూన్ నుంచి పెద్ద అద్దం తెప్పించి నా టేబుల్‌కు ఎదురుగా గోడకు బిగించాను. కంప్యూటర్లు నా వీపు వెనక ఉంటాయి. తల తిప్పకుండానే అన్ని తెరలూ అద్దంలో కనబడతాయి. తిరగేసిన అక్షరాలు చదవడం అలవాటైపోయింది. ఎవరైనా గీత దాటితే చెక్క స్కేలుతో టేబుల్ మీద ఒక్కటి కొడతాను. గప్‌చుప్‌గా పేజీ మూసేస్తారు. మా లైబ్రరీకి ఫిల్టర్ అంటే నేనే.

ఫర్హానా సైకిల్ షాపు అమీర్‌సాబ్ కూతురు, డిగ్రీ చదువుతోంది. రోజూ మధ్యాహ్నం మూడింటికి వచ్చి మూల కంప్యూటర్ దగ్గర కూర్చుంటుంది. కోట కొండ మీది పాత కట్టడాల గురించి కాలేజీకి ఏదో రాయాలట. ఒక్కసారి స్కేలు కొడితే లేచి వెళ్లే పిల్ల.

సోమవారం నేను సెలవు. మంగళవారం మూడింటికి అద్దంలో చూస్తే ఎప్పటిలాగే కూర్చుని ఉంది. పచ్చ చున్నీ వేసుకుంది. తెర మీద ఒక బావి, లోపలికి దిగే మెట్లు, గోడ మీద చెక్కిన రెండు చేపలు. అరగంటయ్యాక స్కేలు కొట్టాను. లేవలేదు. మళ్లీ కొట్టాను. లేవలేదు. నాకు ఒళ్లు మండింది. ఎన్నిసార్లు కొట్టానో గుర్తులేదు. గది మూసే వేళకు అద్దంలో లేదు. వెళ్లిపోయిందనుకున్నాను.

నిన్న కూడా అంతే. అదే చున్నీ, అదే బావి. అయితే ఈసారి బొమ్మ బావి అడుగు నుంచి తీసినట్టుంది. చుట్టూ చీకటి, పైన గుండ్రంగా కాస్త ఆకాశం. చూస్తుండగానే ఆ ఆకాశంలో మబ్బు కదిలింది. మా నెట్‌కు ఒక్క ఫోటో తెరుచుకునేలోపు బయటికెళ్లి టీ తాగి రావచ్చు. అలాంటిది మబ్బు ఎలా కదులుతుంది? నాకు భయమేసింది. అయినా రూలు రూలే కదా, స్కేలు కొట్టాను. వెనక నుంచి చప్పుడు తిరిగొచ్చింది. నేనొకటి కొడితే అటు నుంచి ఒకటి. అది చెక్క చప్పుడు కాదు. రాతి మీద రాయి కొట్టినట్టుంది.

అప్పుడే అమీర్‌సాబ్ లోపలికి వచ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"మేడమ్, మా ఫర్హానా ఈడికేమన్నా వచ్చిందా? సోమవారం పొద్దున పోయిందమ్మా, ఇంతవరకూ లేదు. ధర్మవరంలో ఎవరితోనో రైలెక్కిందని ఊరంతా అంటాండారు" అన్నాడు.

"అదేందప్పా, నా ఎనకాలే కూర్చోనుండాది కదా" అని తిరిగాను.

మూల కుర్చీ ఖాళీగా ఉంది. టేబుల్ మీద దుమ్ముగుడ్డ కప్పి ఉంది. పక్క కంప్యూటర్ దగ్గరున్న క్రాంతి కుమార్ సారు, హైస్కూలు టీచరు, లేచి ఆ గుడ్డ ఎత్తి చూపించాడు.

"ఆడ మానిటరే లేదు మేడమ్. సోమవారమే రిపేరుకని హిందూపురం తీసకపోయినారు. నిన్నట్నుంచి మీరు ఎవరికి స్కేలు కొడతాండారో తెలీక మేము భయపడి చస్తాండాం" అన్నాడు.

ఉదయం వచ్చేటప్పుడు ఆ గుడ్డను నేనూ చూశాను. రెండేళ్లుగా మనుషుల్ని అద్దంలోనే చూస్తున్నదాన్ని, వెనక్కి తిరిగి చూడాలని తోచనేలేదు. మళ్లీ అద్దం వైపు చూశాను. ఆ అమ్మాయి అక్కడే ఉంది. తల టేబుల్ మీద వాల్చేసింది.

"అమీర్‌సాబ్, గోడ మీద రెండు చేపలుండే బావి యాడుండాది?" అని అరిచాను.

"కొండెనకాల పాడుబావి. చిన్నప్పుడు ఆడికి మేకలు తోలకపోతాంటిమి" అన్నాడు.

ఇద్దరం పరుగున స్టేషన్‌కు వచ్చాం. తర్వాత జరిగింది మీ కానిస్టేబుళ్లకే తెలుసు. బావి చూడటానికి దిగితే మెట్టు విరిగి ఫర్హానా లోపల పడింది, కాలు విరిగింది. నీళ్లకు కాస్త పైన మిగిలిన ఒకే ఒక్క మెట్టు మీద ఒరిగి ఉంది. ఊపిరి ఉంది. చేతిలో రాయి ఉంది.

ఈ ఉదయం ఆస్పత్రిలో నా చెయ్యి పట్టుకుంటే నేను ఆపుకోలేక ఏడ్చేశాను.

"నిద్రొచ్చి నీళ్లలోకి జారిపోతానన్నప్పుడల్లా మీరు స్కేలు కొడతాంటిరి మేడమ్, టైమైపోయింది లెయ్ అన్నట్టు. నేనూ రాయితో కొడతాంటి. రెండు రాత్రులూ తెల్లార్లూ కొడతానే ఉంటిరి" అంది.

నేను కొట్టింది మధ్యాహ్నం పూటే. సోమవారమైతే లైబ్రరీ గడప కూడా తొక్కలేదు. ఆ రెండు రాత్రులూ గదికి తాళం వేసి ఉంది. స్కేలు నా సొరుగులో ఉంది.

ఎవరూ బలవంతం చేయకుండా, తెలివిలో ఉండి చెప్పాను. రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, ఇందులో కల్పించింది ఏమీ లేదు.

(సంతకం) ఎస్తేరు