పదునైందా?

అధ్యక్షులు మహీధర్ గారికి, ఈ నంద్యాల ఎండలో పని మానుకుని వచ్చిన పెద్దలకు, మైసూరుపాక్ పంచకముందే వచ్చి కూర్చున్న మిత్రులకు ఈ పార్థసారథి నమస్కారాలు. (నవ్వులు)

ముప్పై నాలుగేళ్లు వాన కొలిచి ఇవాళ రిటైరవుతున్నాను. మా నాయన అహోబిలంలో ఉగాదికి పంచాంగం చదివి ఆ ఏడు వాన ఎంతో చెప్పేవాడు. పడకపోతే తప్పు మేఘాధిపతిది. నేను చదువుకుని ఈ ఆఫీసులో చేరాను గనుక, పడకపోతే తప్పు నాదయ్యేది.

పదకొండేళ్ల కిందట సముద్రం అవతలి దేశమొకటి మనతో చేతులు కలిపింది. ఆళ్లగడ్డ చుట్టూ పన్నెండు ఊళ్లలో వాన గేజీలు పెట్టి రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు మనం లెక్క పంపితే, ఎప్పుడు విత్తాలో వాళ్లు కబురు పంపేవాళ్లు. గేటుకు 'అంతర్జాతీయ సహకార కేంద్రం' అని బోర్డు కట్టామో లేదో, సహకారం అన్న మాట చూసి యాభైమంది ఆధార్ కార్డులు పట్టుకుని యూరియాకు వరసకట్టారు. మహీధర్ గారు అప్పుడు కొత్త, పాపం టోకెన్లు కూడా ఇచ్చారు. (నవ్వులు) ఉన్నమాటే కదా సార్!

వెనక వరసలో ఉన్న హన్నమ్మది ఆ పన్నెండు ఊళ్లలో ఒకటి; గేజీ ఆమె పెరట్లోనే. మిల్లీమీటర్లు రాయమంటే మొదటి నెలంతా 'పదునైంది', 'పదును కాలే' అనే రాసింది. కోప్పడ్డాను. "గీతలు చూసి యాడ ఇత్తుతాం సామీ? బెత్తెడు లోపల మన్ను ముద్దయితేనే పదును. అదే రాసుకోమను ఆయమ్మను" అంది. ఆయమ్మంటే అవతలి శాస్త్రవేత్త ఇంగ్రిడ్. ఆవిడ నన్ను మూడు వారాలు ప్రశ్నలతో చంపి, చివరికి తన పట్టికలో 'పదును' అని కొత్త గడి గీసింది. ఆ తర్వాతే కబుర్లు మన నల్లరేగడికి సరిపోయాయి.

అంతలో అక్కడ ప్రభుత్వం మారింది. మన వాన వాళ్ల ప్రయోజనాల్లోకి రాదట, పథకం ఆపేశారు. మనవాళ్లేమైనా తక్కువ తిన్నారా? వాన లెక్క దేశభద్రత, బయటికి పంపొద్దన్నారు. హన్నమ్మ చేన్లో ఎంత కురిసిందో తెలుసుకుని శత్రువులు ఏం విత్తుతారో నాకింకా అర్థం కాలేదు.

పోయినేడు కబురు రాలేదు. తొలివానకే ఊరంతా శనగ విత్తింది. ఆపైన వాన లేక మొలకలు మాడిపోయాయి. హన్నమ్మ నాలుగెకరాలూ మళ్లీ విత్తాల్సి వచ్చింది. నాకు ఏడుపొచ్చింది.

గేజీలన్నీ పీకి స్టోరుకు అప్పగించడం నా ఆఖరి డ్యూటీ. పదకొండు తెచ్చాను. పన్నెండోదానికి పోతే హన్నమ్మ "తీస్కపో సామీ. రేపు ఆయమ్మ అడిగితే ఏం చెప్పల్ల?" అంది. "ఆమె ఉద్యోగమూ పోయింది, ఇక అడగదు" అన్నాను.

నిన్న ఇంగ్రిడ్ తన సొంత ఫోనునుంచి మెసేజి పెట్టింది. తెలుగులో, ఒకే మాట. "పదునైందా?"

అధ్యక్షా, పన్నెండో గేజీ పోయిందని రాసి సంతకం పెట్టాను. ఎక్కడ పోయిందో హన్నమ్మ పెరట్లో రోజూ ఎనిమిదిన్నరకు చూడవచ్చు. నా పింఛను కాగితాలు మీ బల్లమీదే ఉన్నాయి, మీ ఇష్టం.

ఇంగ్రిడ్‌కు ఇంకా జవాబివ్వలేదు. హన్నమ్మా, ఏం రాయమంటావు?

(వెనకనుంచి: "కాలే సామీ. ఇంగొక వాన పడల్ల!")

విన్నారుగా. కిందికి దిగగానే ఇదే పంపుతాను. ఓపికగా కూర్చున్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.