పెనుకొండ సభలో కదిరప్ప అడిగిన ప్రశ్న

"నేను పెద్దగా చేసిందేమీ లేదప్పా. ఒక ప్రశ్న అడిగినా, అంతే. దానికే అంత రచ్చ అవుతాదని నాకేం తెలుసు?"

కదిరప్ప ఇట్లా మొదలుపెట్టినాడంటే కాలేసాబ్ స్టవ్వు మంట తగ్గించి, ఇంకో గిన్నె పాలు దగ్గరికి జరుపుకుంటాడు. కథ ఒక టీతో అయ్యేది కాదని ఆయనకు తెలుసు. చిలమత్తూరు బస్టాండు ఎదురుగా ఉన్న ఆయన టీ అంగట్లో ఆ సాయంత్రం జనం పెద్దగా లేరు. హిందూపురం ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చిన ప్రేమ్ కుమార్ బెంచీ ఒక కొసన కూర్చున్నాడు. ఇంకో కొసన యశోద, కదిరప్ప చేనుకు ఆనుకునే ఆమె చేను. పురుగుమందు కోసం వచ్చి, ఊరికి పోయే ఆటో నిండేదాకా టీ తాగుదామని ఆగింది.

ఆ సీజనులో ఏ అంగట్లో చూసినా ఒకటే వాదన. ఇకమీదట పంట నష్టం చూడడానికి మనుషులెవరూ చేను దగ్గరికి రారు, వాన కొలిచే యంత్రమూ ఉపగ్రహం తీసిన బొమ్మలూ చూసి పరిహారం సంగతి సర్కారే తేల్చేస్తుంది అన్నారు. మంచిదేనని సగం మంది, మునిగిపోతామని సగం మంది. రైతుల మాట వింటామని పెనుకొండలో ఒక సభ పెట్టినారు. కదిరప్ప చెప్తున్నది ఆ సభ సంగతే.

"ఏం ప్రశ్న మామా?" అన్నాడు ప్రేమ్ కుమార్.

"చెప్తాండా గదా. పొద్దున్నే బస్సెక్కి పోయినా. హాలు నిండా జనం, ధర్మవరమోళ్ళు, కనగానపల్లోళ్ళు, గుడిబండోళ్ళు, నిలబడేకి చోటు లేదు. స్టేజీ మీద పెద్దాఫీసరు, ఆయప్ప పక్కన హైదరాబాదు నుంచి వచ్చిన సైంటిస్టు. మండలానికొక వాన యంత్రం పెట్టినాము, పైన ఉపగ్రహం ఉండాది, యాడ వాన పడిందో యాడ పంట ఎండిందో రెండూ కలిసి చెప్పేస్తాయి, మీరు ఇండ్లల్లో కూర్చోండి చాలు అని ఆ సైంటిస్టు చెప్తాంటే జనమంతా చప్పట్లు. నేను మెల్లగా చెయ్యెత్తినా. ఎత్తినానో లేదో మైకు దానంతట అదే నా చేతికొచ్చింది."

"దానంతట అదే వచ్చిందా?"

"ఎవరో ఇచ్చింటారులే, ఆ గుంపులో ఎవరు చూసినారు. అడిగినా. 'అయ్యా, మీ యంత్రం మండలాఫీసు మిద్దె మీద ఉండాది. మా చేను గుట్టకు అవతల ఉండాది. మీ మిద్దె మీద వాన పడి, మా చేలో చుక్క పడలేదనుకో. అప్పుడు నా చెనక్కాయ పంట తడిసినట్లా, ఎండినట్లా?'"

యశోద టీ గ్లాసు నోటి దాకా తెచ్చి ఆపింది. "ఆ మాట బాగుండాదన్నా," అంది.

"బాగుండాదా? సైంటిస్టు ముందరుండే నీళ్ళ బాటిలు తీసుకొని తాగినాడు. ఆఫీసరు ముందరుండే బాటిలు గూడా లాక్కొని అదీ తాగినాడు. స్టేజీ మీదుండే బాటిళ్ళన్నీ తాగేసి, ఆఖరికి పూలకుండీకి పోసే చెంబు కోసం చూస్తాండాడు. అప్పుడన్నాడు, 'ఉపగ్రహానికి అన్నీ కనపడతాయి రైతన్నా' అని. అయితే నా చేను చూపించు అన్నా. గోడంత తెర మీద చూపించినాడప్పా. మా చేను, మా గట్టు, గట్టు మీద మా ఇంటామె ఎల్లమ్మ కూర్చోని కొడవలి నూరుకుంటాంది. ఎంత స్పష్టంగా అంటే, నన్ను తిట్టుకుంటాండేది పెదవులు చూస్తేనే తెలిసిపోతాంది. వెంటనే ఫోను చేసి, 'ఎల్లమ్మా, రవ్వంత పైకి చూడు, సర్కారు నిన్ను చూస్తాండాది' అన్నా. ఆమె చెయ్యి అడ్డం పెట్టుకొని పైకి చూసింది. మా ఎల్లమ్మ చూపు మీకు తెలుసు గదా. తెరంతా గీతలు గీతలు వచ్చేసి, ఉపగ్రహం కాసేపు అటుపక్కకు తిరుక్కుండింది."

"ఉపగ్రహం ఎంత ఎత్తులో ఉంటాదో తెలుసునా మామా?" అన్నాడు ప్రేమ్ కుమార్.

"తెలుసు. అయినా తగిలింది."

కాలేసాబ్ నవ్వు ఆపుకుంటూ టీ వడపోశాడు. ప్రేమ్ కుమార్‌కు మాత్రం నవ్వు కంటే వాదన మీదే మనసు పోయింది.

"అది కాదు మామా. మనిషి వచ్చి రాసుకొని పోతే ముందు తెలిసినోళ్ళ చేలు రాసుకుంటాడు. మా నాయన కాలం నుంచి చూస్తాండాం. యంత్రానికైతే బంధువులు లేరు."

"నిజమేరా అబ్బీ, ఆ మాట నేనూ ఒప్పుకుంటా. బంధువులు లేరు. కాళ్ళు గూడా లేవు, చేను కాడికి రాలేదు. నేను ఆడ అదే చెప్పినా. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? ఈయప్పతో నా వల్ల కాదు, ఏఐని తెండి అన్నాడు సైంటిస్టు. నలుగురు మోసుకొచ్చి ఒక పెట్టె పెట్టినారు. అందులోంచి ఆడగొంతు. 'నమస్కారము రైతు సోదరా, మీ సందేహమును తెలియజేయుడు' అనింది. మర్యాదస్తురాలే. 'మోడం పట్టింది గానీ పదును కాలేదు తల్లీ, ఇత్తనం ఎయ్యాల్నా వద్దా?' అని అడిగినా. 'మోడము అనగానేమి?' అనింది. మబ్బు తల్లీ అన్నా. 'పదును అనగానేమి?' అనింది. వాన పడినాక మన్ను పిడికిట్లో పడితే ముద్ద కావల్ల, కింద వేస్తే పగలల్ల, అది పదును అన్నా. శానాసేపు ఆలోచన చేసి, 'నాకు పిడికిలి లేదు' అనింది."

"పాపం," అన్నాడు కాలేసాబ్.

"నాకూ అదే అనిపించింది. పిడికిలి లేనిదాని మీద గెలిస్తే ఏం గొప్ప? పక్కన కుర్చీ వేసుకొని నేర్పించినా. దుక్కి, ఇత్తనం, కలుపు, పూత తర్వాత మన్నులోకి ఊడ పట్టేది, కాయ దిగేది, అన్నీ. గబగబా నేర్చుకుండాదప్పా, తెలివి కలదే. మధ్యాన్నానికంతా మన మాట వచ్చేసింది. ఆఫీసరును పట్టుకొని, 'ఏమప్పా, అప్పటినుంచి ఈయప్ప గొంతెండి మాట్లాడతాంటే రవ్వంత టీ అన్నా ఇయ్యకుండా ఏం చేస్తాండావు?' అని అడిగింది."

"ఇచ్చినారా?"

"ఇచ్చినారు. నీ టీ అంత బాగలేదు."

కాలేసాబ్ కదిరప్ప గ్లాసు మళ్ళీ నింపాడు.

"ఇంత జరిగినా సైంటిస్టుకు నమ్మకం కుదరలేదు. కళ్ళతో చూస్తే గానీ ఒప్పుకోను అన్నాడు. సరే, అందరూ బయట మైదానంలోకి రాండి అని పిలుచుకొని పోయినా. పెనుకొండ కొండ మీద ఒక చిన్న మోడం నిలబడి ఉండాది. నేను దాని పక్క చూసినా, అది నా పక్క చూసింది. మెల్లగా దిగొచ్చి మైదానంలో సగానికే కురిసిందప్పా. కొలత పెట్టి గీత గీసినట్లు. నేను గీత మీద నిలబడుకోనుండా. ఎడమ చెప్పు తడిసింది, కుడి చెప్పు మీద దుమ్ము దుమ్ముగానే ఉండాది. సైంటిస్టు వానలో, ఆఫీసరు ఎండలో. ఇద్దరూ చేతులు కలుపుకొనేంత దూరంలో ఉండారు. పెనుకొండ వాన యంత్రం ఎండ పక్క ఉండే మిద్దె మీద ఉండాది, దాని తెర మీద 'వాన లేదు' అని పడింది. సైంటిస్టు చొక్కా పిండుకుంటా ఆ తెర చదివినాడు. చదివి, 'కదిరప్పా, ఇప్పుడర్థమైంది' అన్నాడు."

"అంతటితో అయిపోయిందా?" అన్నాడు ప్రేమ్ కుమార్. ఇప్పుడతను వాదన మానేసి ముందుకు వంగి కూర్చున్నాడు.

"యాడైపోతాది? సంగతి ఢిల్లీకి పోయింది. వాళ్ళు వీడియోలో వచ్చినారు. ఎవరనేది చెప్పను, మాటిచ్చినా. 'కదిరప్పగారూ, ఉపగ్రహాన్ని సరిగ్గా మీ చేను పైకి తిప్పల్ల, మాకు చేతకావడం లేదు, మీరు రవ్వంత నిలబడి చూడండి' అన్నారు. లారీ వెనక్కి తీసేటప్పుడు క్లీనరు చెప్తాడు చూడు, అట్లే చెప్పినా. రానీ, రానీ, ఎడమకు కొట్టు, ఇంకా రానీ, చాలు, ఆపు. వచ్చి మా చేను మీద నిలబడింది. దాని నీడ ఎంతుండాదంటే, చెట్టు నీడనుకొని మా గొర్రెలన్నీ పోయి పడుకుండాయి. నీడ కొస రవ్వంత గౌరిబిదనూరు పక్క పడిందని కర్ణాటకోళ్ళు వచ్చినారు. మా నీడ మాకియ్యండి అని ఒకటే పట్టు. వాళ్ళకు కన్నడంలో నచ్చజెప్పి పంపేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది."

"నీడను అడిగినారా?"

"ఎండ మండతాండాది గదప్పా, అడగరా? సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసునా? ఇంకమీదట ఏ మోడం యాడ కురిసిందో తప్పు రాకూడదని పైనుంచి ఆర్డరు వచ్చింది. ప్రతి మోడానికీ ఆధార్. కురిసే ముందు వేలిముద్ర వెయ్యల్ల. మొదటి మోడాన్ని పట్టుకొచ్చి మిషను ముందర నిలబెట్టినారు. వేలు పెట్టింది. పడలేదు, తడి. తుడుచుకొని మళ్ళీ పెట్టమన్నారు. మోడం తుడుచుకుంటే ఏం మిగుల్తాదప్పా? సగం ఆడే కరిగిపాయ. మిగిలిన సగం మళ్ళీ వేలు పెడితే సర్వర్ డౌన్, రేపు రా అన్నారు. దానికి శానా బాధైంది. నాతో గూడా ఒక మాట చెప్పకుండా అట్లే కర్ణాటకకు ఎల్లిపాయ. ఈసారి మనకు వాన లేకపోయేదానికి అదే కారణం. నేనొక్కన్ని ఏం చేసేది?"

కాలేసాబ్ గట్టిగా నవ్వాడు. ప్రేమ్ కుమార్ నవ్వుతూ తొడ చరుచుకున్నాడు. కదిరప్ప మాత్రం నవ్వలేదు. మోడం పోయిన దిక్కు చూస్తున్నట్లు బస్టాండు పైన ఆకాశం కేసి చూస్తూ టీ తాగాడు.

యశోద ఖాళీ గ్లాసు బెంచీ మీద పెట్టింది.

"అన్నా," అంది నెమ్మదిగా, "ఆ సభ జరగనే లేదు గదా."

స్టవ్వు మీద పాలు పొంగబోతుంటే కాలేసాబ్ గరిటెతో తిప్పాడు.

"సైంటిస్టు రాలేదని వాయిదా వేసినారు. హాలు గేటుకు తాళం వేసుండె. నేనూ పోయింటి ఆ పొద్దు."

"నువ్వు చెప్పేది వేరే సభేమో అమ్మా," అన్నాడు కదిరప్ప. గొంతు కాస్త తగ్గింది.

"ఒకే సభ. నువ్వు గేటు కాడ మధ్యాన్నం దాకా నిలబడుకోనుంటివి. అందరూ ఎల్లిపోయినా నువ్వు పోలేదు. పలకరిద్దామనుకుంటి గానీ, నీ మొగం చూసి ఊరికే ఉండిపోతి. వచ్చేటప్పుడు బస్సులో నీ వెనక సీట్లోనే కూర్చున్నా. సోమందేపల్లి దాటేదాకా ఆ ప్రశ్ననే నోట్లో నోట్లో అనుకుంటా వస్తాంటివి. మా చేను గుట్టకు అవతల ఉండాది, మా చేను గుట్టకు అవతల ఉండాది అని."

ప్రేమ్ కుమార్ తల దించుకున్నాడు. ఇందాక నవ్వినందుకు అతనికి ఎందుకో ఇబ్బందిగా అనిపించింది. కదిరప్ప గ్లాసును రెండు చేతుల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. మళ్ళీ ఏదో కల్పించి తప్పించుకుంటాడని కాలేసాబ్ ఎదురుచూశాడు.

"రెండుసార్లు ఇత్తినా," అన్నాడు కదిరప్ప చివరికి. "మొదటిసారి మొలకే ఎండిపాయ. రెండోసారి ఊడ పట్టే వేళకు ఎండిపాయ. మండలాఫీసు కాడ మాత్రం ఆ రెండుసార్లూ వాన పడింది. యంత్రం అబద్ధం చెప్పలేదు, ఆడ పడింది. మన గుట్ట దాటి రాలేదు, అంతే."

"మా చేలో గూడా అదే కథ."

"నీకు తెలుసు గాబట్టి సరిపోయింది. తెలియనోళ్ళకు ఇట్ల ఉన్నదున్నట్లు చెప్పి చూడు. చేనెండింది అంటే, ఓహో అంటారు. రెండుసార్లు ఇత్తినా అంటే, అట్లనా అంటారు. ఇంకా నోట్లో మాట ఉండగానే పక్కోనితో మాట్లాడేకి తిరుక్కుంటారు. ఎవరింటారమ్మా?"

ఊరికి పోయే ఆటో నిండినట్టుంది, డ్రైవరు హారను కొట్టాడు. యశోద పురుగుమందు సంచి చేతికి తీసుకొని లేచింది. లేచి అక్కడే నిలబడింది.

"సభ వచ్చే సోమారం పెట్టినారు. మా సంఘం ఆడోళ్ళమంతా బండి మాట్లాడుకున్నాం. నువ్వూ రా అన్నా. మాలో ఎవరికీ నీ మాదిరి మాట రాదు. మైకు ఇస్తే అందరం ఒకరి మొగం ఒకరం చూసుకుంటాం."

"మైకు ముందర నాకూ రాదమ్మా. అది వేరే, ఇది వేరే."

"ఆ ప్రశ్న అయితే వస్తాది గదా. ముందు అది అడుగు. ఒక్క మాటా కలపకుండా, నువ్వు బస్సులో అనుకున్నట్లే అడుగు."

"ఇనకపోతే?"

యశోద ఆటో వైపు రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"ఇనకపోతే అప్పుడు నీ ఇష్టం, కథ ఎంత పెంచుతావో పెంచు. మైకు నేను పట్టుకుంటా."